గీత దాటిన ఆ రెండడుగులు

1999 జూలై 10న కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ స్టేడియంలో తీసిన ఒక ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. గడ్డి మీద మోకాళ్లేసి కూర్చున్న ఒక ఫుట్‌బాల్ ప్లేయర్, విప్పి చేత్తో పట్టుకున్న జెర్సీ, బిగించిన పిడికిళ్లు, గట్టిగా అరుస్తున్న ముఖం. ఆమె పేరు బ్రాండీ చాస్టెయిన్. మహిళల ప్రపంచకప్ ఫైనల్లో చైనా మీద ఆఖరి పెనాల్టీ కొట్టి అమెరికాని గెలిపించింది.

ఆ ఫొటోలో లేని మనిషి గురించి ఈ వ్యాసం.

ఆ రోజు స్టేడియంలో 90,185 మంది ఉన్నారు. 120 నిమిషాలు ఆడినా రెండు జట్లకీ ఒక్క గోల్ కూడా పడలేదు. ఇక పెనాల్టీలు. రెండు రౌండ్లు అయ్యేసరికి ఇద్దరివీ రెండేసి గోల్స్. మూడోసారి చైనా తరఫున లియూ యింగ్ వచ్చింది. గోల్‌లో ఉన్నది బ్రయానా స్కరీ. పెనాల్టీ కొట్టడానికి వచ్చేవాళ్ల ముఖం చూడటం స్కరీకి అలవాటు లేదట. ఈసారి మాత్రం ఎందుకో తలెత్తి చూసింది. అలిసిపోయి, భుజాలు వాలిపోయి నడిచి వస్తున్న మనిషి కనిపించింది. ఆపాల్సింది దీన్నే అని అప్పుడే అనుకుందట. ఎడమ వైపు దూకి ఆపేసింది. తర్వాత ఎవరూ తప్పలేదు. 5-4. పది కిక్కుల్లో గోల్ కానిది ఆ ఒక్కటే. అంటే మ్యాచ్ అక్కడే తేలిపోయింది. ఆ తర్వాత చాస్టెయిన్ కొట్టిన గోల్‌ది ఫొటో మిగిలింది.

దీన్ని నేను యూట్యూబ్‌లో చాలాసార్లు చూశాను. పాతసార్లు చూసినప్పుడు గమనించని సంగతి ఒకటుంది. లియూ యింగ్ కాలు బంతికి తగిలేలోపే స్కరీ గీత మీద లేదు. ముందుకు రెండడుగులు వేసేసింది. అప్పటి రూల్ ప్రకారం గోల్‌కీపర్ గీత మీద అటూ ఇటూ కదలొచ్చు గానీ బంతి కదలకముందు ముందుకి రాకూడదు. రిఫరీ చూడలేదో, చూసినా వదిలేసిందో, ఈల మాత్రం ఊదలేదు. స్కరీ తర్వాత దీన్ని దాచుకోలేదు కూడా. అవును, వచ్చాను, అందరూ వస్తారు అన్న ధోరణిలోనే మాట్లాడింది.

ఆ రెండడుగులు నన్ను ఎందుకు వదలడం లేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

* * *

నేను ఫుట్‌బాల్ తెలిసిన మనిషిని కాదు. మా ఊరి స్కూల్లో ఫుట్‌బాల్ అంటే పీటీ సార్ వారానికోసారి ఇచ్చే, సగం గాలి పోయిన బంతి. గోల్‌లో ఎవరు నిలబడాలి అన్న ప్రశ్నకి జవాబు సులభం: పరిగెత్తలేనివాళ్లు. కాబట్టి ఎప్పుడూ నేనే. రెండు ఇటుకల మధ్య ఎండలో నిలబడి, అందరూ అటు చివర కేరింతలు కొడుతుంటే చూడటం నాకు బాగా తెలుసు.

స్కరీ గోల్‌కీపర్ అయిన తీరు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మిన్నెసోటాలో మగపిల్లల జట్టులో ఆడిన ఒకే ఒక్క ఆడపిల్ల ఆమె. దెబ్బలు తగలకుండా ఉంటుందని కోచ్ ఆమెని గోల్‌లో నిలబెట్టాడు. అక్కడైతే సురక్షితం అని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

సాహిత్యం చదివేవాళ్లకి గోల్‌కీపర్ కొత్త కాదు. కామూ అల్జీరియాలో కుర్రాడిగా గోల్‌కీపర్. నబకోవ్ కేంబ్రిడ్జ్‌లో గోల్‌కీపర్. పీటర్ హాండ్కే 1970లో పెనాల్టీ ముందు గోల్‌కీపర్ ఆందోళన గురించి పేరులోనే చెప్పేస్తూ ఒక నవల రాశాడు, రెండేళ్లకి విమ్ వెండర్స్ దాన్ని సినిమా తీశాడు. ఆ నవల చివర్లో ఒక పెనాల్టీ ఉంటుంది. గోల్‌కీపర్ అటూ ఇటూ దూకకుండా కదలకుండా నిలబడతాడు, కొట్టినవాడు సరిగ్గా అతని చేతుల్లోకే కొడతాడు. ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో హాస్టల్ గదిలో అది చదివి రెండు రోజులు మత్తులో ఉన్నాను. గోల్‌కీపర్ అంటే ఒంటరివాడు, గుంపులో ఉండీ గుంపులో లేనివాడు, ప్రపంచాన్ని దూరంనుంచి చూసే తాత్వికుడు. ఇరవై ఏళ్ల వయసులో ఎవరికి నచ్చదు చెప్పండి? ఎండలో ఇటుకల మధ్య నిలబడ్డ నా చిన్నతనానికి హఠాత్తుగా ఒక గౌరవం దొరికినట్టయింది.

మగ రచయితలు గోల్‌కీపర్‌కి ఇచ్చిన ఈ ఒంటరితనంలో ఒక చిక్కుంది. అందులో యజమాని ఉండడు. జట్టులోకి ఎవరు తీసుకున్నారు, ఎవరు తీసేశారు, జీతం ఎవరిస్తున్నారు, తలకి దెబ్బ తగిలితే ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారు అన్నవేవీ ఉండవు. హాండ్కే కథానాయకుడు బ్లాక్‌కి పుస్తకం మొదట్లోనే ఉద్యోగం పోతుంది నిజమే, కానీ అక్కడా ఉద్యోగం పోవడం ఒక మానసిక స్థితికి తలుపే. నాకు ఇది తట్టింది చాలా ఏళ్ల తర్వాత, ఇద్దరు ఆడ గోల్‌కీపర్ల ఆత్మకథలు చదివాక. ఒకటి హోప్ సోలోది, 2012లో వచ్చింది. రెండోది స్కరీది, ‘మై గ్రేటెస్ట్ సేవ్’, 2022లో వచ్చింది. రెండూ క్రీడా విలేకరుల సాయంతో రాసినవే. మొదటిది ఆన్ కిలియన్‌తో, రెండోది వేన్ కాఫీతో. రెండు పుస్తకాల్లోనూ ఉన్న ఒకే రాత్రి గురించి మాట్లాడుకుందాం.

* * *

ఆ రాత్రి 2007 సెప్టెంబర్ 27. ఊరు చైనాలోని హాంగ్‌జౌ. ప్రపంచకప్ సెమీఫైనల్, అమెరికా, బ్రెజిల్.

అప్పటికి అమెరికా గోల్‌కీపర్ హోప్ సోలో. 26 ఏళ్లు. ఆ టోర్నీలో ఉత్తర కొరియాతో మొదటి మ్యాచ్‌లో రెండు గోల్స్ ఇచ్చాక వరసగా మూడు మ్యాచుల్లో ఒక్క గోల్ కూడా పడనివ్వలేదు. స్కరీకి 36 ఏళ్లు. 1996 ఒలింపిక్స్ స్వర్ణం, 1999 ప్రపంచకప్, 2004 ఒలింపిక్స్ స్వర్ణం ఆమె గోల్‌లో ఉండగా వచ్చినవే. మధ్యలో 1999 తర్వాత ఒళ్లు చేసి, గాయాలతో స్థానం పోగొట్టుకుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌ని బెంచి మీద కూర్చుని చూసింది. మళ్లీ కష్టపడి తిరిగొచ్చింది. 2007కి వచ్చేసరికి మళ్లీ బెంచి. జూన్‌లో ఇదే బ్రెజిల్ మీద 2-0తో గెలిచిన మ్యాచ్ ఆడాక మూడు నెలలుగా పూర్తి మ్యాచ్ ఆడలేదు.

సెమీఫైనల్‌కి ముందు కోచ్ గ్రెగ్ రయాన్ సోలోని తీసేసి స్కరీని పెట్టాడు. బ్రెజిల్ మీద స్కరీ పాత రికార్డు బావుంది, ఆ ఆటతీరుకి ఆమె సరిపోతుంది అన్నది అతని లెక్క. 20వ నిమిషంలో అమెరికా ప్లేయర్ లెస్లీ ఆస్బోర్న్ తల తగిలి బంతి సొంత గోల్‌లోకే వెళ్లింది. 27లో మార్తా ఒకటి కొట్టింది. ఫస్టాఫ్ అయ్యేలోపు షానన్ బాక్స్‌కి రెడ్ కార్డ్, ఇక పది మందే. సెకండాఫ్‌లో క్రిస్తియానె ఒకటి, మార్తా ఇంకొకటి. 4-0. 51 మ్యాచులుగా ఓడని జట్టు ఓడిపోయింది.

మ్యాచ్ అయ్యాక సోలో కెమెరాల ముందు ఆగి మాట్లాడింది. అది తప్పుడు నిర్ణయం అని, ఆట తెలిసిన ఎవరికైనా ఆ సంగతి తెలుసని, తానైతే ఆ బంతులు ఆపి ఉండేదాన్నని, ఎప్పుడో పెద్ద మ్యాచులు ఆడిన పేరుని పట్టుకుని ఈరోజు ఆడలేమని. తర్వాత జరిగింది కూడా తక్కువ కాదు. సహచరులు ఆమెని వెలేశారు. మూడో స్థానం మ్యాచ్‌కి స్టేడియంకే రానివ్వలేదు. ఇంటికి కూడా జట్టుతో కాకుండా వేరే విమానంలో రావాల్సొచ్చింది. తన మాట కోచ్ మీద తప్ప స్కరీ మీద కాదని సోలో తర్వాత చెప్పుకుంది.

సోలో పుస్తకం నేను ముందు చదివాను. ఉద్యోగంలో చేరి మూడునాలుగేళ్లయిన రోజులు. చదివి పూర్తిగా ఆమె పక్షం చేరిపోయాను. చేరకుండా ఉండటం కష్టం. ఎందుకంటే అది చాలా మంచి పుస్తకం. నాగసాకి మీద వేసిన బాంబుకి ప్లుటోనియం తయారుచేసిన హాన్‌ఫర్డ్ పక్కన ఉండే రిచ్‌లాండ్ ఆమె ఊరు. హైస్కూల్ జట్ల పేరు ‘బాంబర్స్’, గుర్తు పుట్టగొడుగు మేఘం. తండ్రి జెఫ్రీ వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చినవాడు, జైలుకి వెళ్లినవాడు, ఇల్లు లేక సియాటిల్ అడవుల్లో గుడారం వేసుకుని బతికినవాడు. కూతురు యూనివర్సిటీ జట్టుకి ఆడుతుంటే మ్యాచులకి నడుచుకుంటూ వచ్చేవాడు. 2007 జూన్‌లో, ప్రపంచకప్‌కి మూడు నెలల ముందు, గుండెపోటుతో పోయాడు. ఆయన చితాభస్మం కొంచెం చైనాకి తీసుకెళ్లి, ప్రతి మ్యాచ్‌కి ముందు గోల్‌లో చల్లుకునేది సోలో. ఇంత తెలిశాక ఆ గోల్‌లోంచి ఆమెని తీసేసి ఇంకొకరిని నిలబెట్టడం అంటే ఏమిటో చదివేవాడికి వేరే చెప్పక్కర్లేదు.

అదీ ఆత్మకథ బలం. మనల్ని ఒక మనిషి ఒంట్లో కూర్చోబెడుతుంది. అక్కడినుంచి చూస్తే స్కరీ ఎలా కనిపిస్తుంది? నా చోట్లో నిలబడ్డ మనిషిలా. అంతకుమించి కనబడదు. నాకూ కనబడలేదు. స్కరీ తండ్రి ఎర్నెస్ట్ కూడా 2004లో, ఏథెన్స్ ఒలింపిక్స్‌కి కొంచెం ముందే పోయాడని, ఆ దుఃఖంతోనే ఆమె ఆ టోర్నీ ఆడి స్వర్ణం గెలిచిందని నాకు చాలా ఏళ్ల దాకా తెలియదు. హాంగ్‌జౌలో ఆ రాత్రి బెంచి మీద ఒకరు, గోల్‌లో ఒకరు, ఇద్దరూ తండ్రి పోయిన కూతుళ్లే. నా కథలో మాత్రం ఒక్కరికే తండ్రి ఉండేవాడు.

* * *

నాలుగేళ్ల కింద మా ఆఫీసులో ఒక రిలీజ్ ఉండింది. డేటా మొత్తం పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మార్చాలి, శనివారం రాత్రి పదింటి నుంచి ఆదివారం పొద్దున ఆరింటిలోపు. ఆరు నెలలుగా ఆ పని మీద కూర్చున్నది నాకన్నా చిన్నవాడైన ఒక కుర్రాడు. గురువారం మేనేజర్ నన్ను పిలిచి, ఈ క్లయింట్‌తో నీకు పాత పరిచయం ఉంది కదా, ఆ రాత్రి నువ్వు నడిపించు అన్నాడు. ఆ కోడ్ ముట్టుకుని నాకు ఏడాది దాటింది.

పొద్దున నాలుగింటికి స్క్రిప్ట్ ఆగిపోయింది. తేదీల ఫార్మాట్ ఒకచోట తేడాగా ఉంది. అది కనిపెట్టేసరికి టైం అయిపోయింది. మొత్తం వెనక్కి తిప్పాల్సొచ్చింది. సోమవారం కాల్‌లో ముప్పై మంది వింటుండగా ఆ కుర్రాడు అన్నాడు: “నేనుంటే అది ముందే పట్టేసేవాణ్ణి.”

నిజమే. పట్టేసేవాడే. ఆరు నెలలు దాంతోనే కాపురం చేశాడు మరి. నేను మ్యూట్‌లో ఉండిపోయాను. ఆ కాల్‌లో ఎవరూ మేనేజర్‌ని ఏమీ అడగలేదు. తర్వాత వారం రోజులు టీమ్ రెండు ముక్కలైంది: అతను అలా అనకూడదు అనేవాళ్లు, అన్నదాంట్లో తప్పేముంది అనేవాళ్లు. నిర్ణయం తీసుకున్న మనిషి ఈ రెండు ముక్కల్లోనూ లేడు. హాయిగా పక్కన ఉన్నాడు.

ఆ వారంలోనే నాకు సోలో పుస్తకం గుర్తొచ్చింది. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ నేను సోలోనని అనుకుంటూ చదివానని. నా ప్రతిభని ఎవరో అడ్డుకుంటున్నారు, ఒకరోజు కెమెరా ముందు నిలబడి నిజం చెప్పేస్తాను అనుకునే వయసులో చదివాను కాబట్టి. తీరా జీవితంలో నాకు దక్కింది స్కరీ పాత్ర. ఇంకొకరి చోట్లోకి, ఇంకొకరి నిర్ణయంతో వెళ్లి, నాలుగు గోల్స్ తిని బయటికొచ్చిన మనిషి.

ఇక్కడ నన్ను నేను బాగా చూపించుకునే ప్రమాదం ఉంది, కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. గురువారం మేనేజర్ అడిగినప్పుడు నేను వద్దు అనొచ్చు. అతనిదే పని, అతన్నే చేయనివ్వండి అనొచ్చు. అనలేదు. అడిగినందుకు సంతోషం వేసింది. రెండేళ్లుగా ఎవరూ ముఖ్యమైనవి నాకు ఇవ్వడం లేదు.

స్కరీ పుస్తకం వచ్చిన ఏడాదే తెప్పించుకున్నాను. నేరుగా 2007 దగ్గరికి వెళ్లి చదివాను, దొంగతనంగా.

* * *

ఆ చాప్టర్‌లో నాకు కావలసింది దొరకలేదు. ప్రతీకారం వెతుక్కున్నాను అనుకుంటా. స్కరీ ఆ రాత్రిని చెప్పుకుంటుంది గానీ పుస్తకం బరువంతా దాని మీద పెట్టదు. ఎందుకు పెట్టదో మిగతాది చదివితే తెలుస్తుంది. ఆమెకి అంతకన్నా పెద్ద రాత్రులున్నాయి.

2010 ఏప్రిల్ 25. అమెరికాలో మొదలైన కొత్త ప్రొఫెషనల్ లీగ్‌లో వాషింగ్టన్ ఫ్రీడమ్ తరఫున ఫిలడెల్ఫియా మీద మ్యాచ్. కిందగా వచ్చిన బంతి కోసం స్కరీ వంగింది. ఎదుటి ప్లేయర్ మోకాలు ఆమె కుడి కణతకి తగిలింది. రావడం ఆమె చూడను కూడా లేదు. లేచి నిలబడింది. ఎదుటివాళ్ల జెర్సీల మీద పేర్లు మసకగా కనిపిస్తున్నాయి. అయినా హాఫ్‌టైం దాకా ఆడింది. మైదానం బయటికి నడుస్తుంటే ట్రైనర్ వచ్చి బాగానే ఉన్నావా అని అడిగితే, లేదు అంది. అంతే, మళ్లీ ఎప్పుడూ ఆడలేదు. చిన్నప్పుడు కోచ్ సురక్షితం అనుకున్న చోటే ఇది జరిగింది.

ఆ తర్వాత మూడేళ్లు తలనొప్పి, వెలుతురు పడకపోవడం, మతిమరుపు, డిప్రెషన్. ఉద్యోగం లేదు. చికిత్సకి డబ్బు కోసం ఇన్సూరెన్స్ కంపెనీతో పోరాటం. డబ్బుల్లేక రెండు ఒలింపిక్ స్వర్ణ పతకాలు తాకట్టు పెట్టింది, 18,000 డాలర్లకి. న్యూజెర్సీలోని లిటిల్ ఫాల్స్ అనే ఊళ్లో ఉండేది. అక్కడి జలపాతం అంచున నిలబడి దూకేద్దామా అని ఆలోచించిన సంగతి కూడా చెప్తుంది. తల్లి ముఖం గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. తర్వాత భార్య అయిన క్రిస్సా జీజోస్ ఆమె జీవితంలోకి వచ్చాక పతకాలు విడిపించారు, ఇన్సూరెన్స్ వాళ్ల మీద ఒత్తిడి తెచ్చారు. 2013 అక్టోబర్‌లో తల వెనక దెబ్బతిన్న నరానికి ఆపరేషన్ జరిగింది. నొప్పి తగ్గింది. మరుసటి ఏడాది 2014లో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందుకెళ్లి తలదెబ్బల గురించి సాక్ష్యం చెప్పింది. 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికైంది, ఆ గౌరవం అందుకున్న మొదటి నల్లజాతి మహిళ.

పుస్తకం పేరులో ఉన్న ‘గ్రేటెస్ట్ సేవ్’ లియూ యింగ్ పెనాల్టీ కాదని ఇప్పుడు అర్థమవుతుంది. చదవకముందే ఊహించగల మలుపు ఇది, ఒప్పుకుంటాను. అక్కడే నాకు ఈ పుస్తకంతో పేచీ కూడా ఉంది.

అమెరికన్ క్రీడా ఆత్మకథకి ఒక అచ్చు ఉంది. పడతావు, లేస్తావు, లేచిన కథ వేదికల మీద చెప్తావు. స్కరీ ఇప్పుడు వృత్తిరీత్యా వక్త కూడా కాబట్టి, కొన్ని పేజీల్లో వాక్యాలు మైకు ముందు చెప్పడానికి రాసినట్టు వినిపిస్తాయి. బాధ ఎంత పెద్దదో చెప్పిన వెంటనే అందులోంచి నేర్చుకున్నదేమిటో వచ్చేస్తుంది. పాఠకుడికి ఆ బాధ దగ్గర కాసేపు కూర్చునే వ్యవధి ఉండదు. సోలో పుస్తకంలో కోపం ఇంకా వేడిగా ఉంటుంది, చాలాచోట్ల ఆమె అన్యాయంగా మాట్లాడుతుంది, అందుకే అది సాహిత్యంగా ఎక్కువ బతికి ఉంటుంది. స్కరీ క్షమించేసిన తర్వాత రాసింది. క్షమాపణ మనిషికి మంచిదే, వచనానికి అన్నిసార్లూ కాదు.

అయినా నేను రెండోసారి తీసి చదివింది స్కరీ పుస్తకమే. కారణం ఆ పోరాటం చెప్పిన భాగాలు. ఫారాలు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు, నీకు నిజంగా నొప్పి ఉందా అని అనుమానించే మనుషులు. మోకాలి ఆపరేషన్ అయితే మచ్చ చూపించొచ్చు, తల లోపలి దెబ్బకి ఏం చూపిస్తావు? కెరీర్ అంతా బంతి గీత దాటిందా లేదా అన్న కొలతతో బతికిన మనిషి, కొలవడానికి ఏమీ లేని నొప్పిని ఆఫీసుల్లో నిరూపించుకోవాల్సొస్తుంది. హాండ్కే నవల్లో లేని గోల్‌కీపర్ ఈమె. ఈమె ఒంటరితనం స్వభావం కాదు, తత్వం కాదు. కోచ్ ఒక కాగితం మీద పేరు కొట్టేసి ఇంకో పేరు రాసినప్పుడు వచ్చింది. లీగ్‌కి డబ్బులు చాలనప్పుడు వచ్చింది. ఇన్సూరెన్స్ ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి కదలనప్పుడు వచ్చింది. 1999 ఫైనల్లో దిగిన పదకొండుమందిలో నల్లమనిషి ఆమె ఒక్కతే. ఆమె మీద 2022లో వచ్చిన డాక్యుమెంటరీకి ‘ది ఓన్లీ’ అని పేరు పెట్టింది ఊరికే కాదు.

సోలో ఒంటరితనం కూడా ఈ లెక్కలోదే అని స్కరీని చదివాకే నాకు తట్టింది. 2007లో వేరే విమానం ఎక్కించిన వ్యవస్థే, 2015లో ఆమెతో ప్రపంచకప్ గెలిపించుకుని, 2016 ఒలింపిక్స్‌లో స్వీడన్ మీద ఓడాక ఎదుటి జట్టుని పిరికిపందలు అన్నందుకు కాంట్రాక్టు రద్దు చేసింది. ఆ ఏడాది మార్చిలోనే ఆమె మరో నలుగురితో కలిసి మగవాళ్లతో సమానమైన జీతం కోసం ఫిర్యాదు చేసి ఉంది. నోటి దురుసు ఆమెదే, ఇంట్లో గొడవలూ అరెస్టులూ కూడా ఉన్నాయి, వాటిని కడిగెయ్యనక్కర్లేదు. కానీ 2007 గురించి మాట్లాడేటప్పుడు మనకి ఇప్పటికీ ఇద్దరాడవాళ్ల తగాదానే గుర్తుంటుంది. పేరు మార్చిన మనిషిని గుర్తుచేసుకోవాలంటే వెతుక్కోవాలి. ఆ ఏడాది చివరికల్లా రయాన్ ఉద్యోగం పోయింది నిజమే. కథలోంచి మాత్రం ఇంకా చులాగ్గా తప్పుకున్నాడు.

* * *

ఇప్పుడు ఆ రెండడుగుల దగ్గరికి.

2019లో రూల్ మార్చారు. కొట్టే క్షణానికి గోల్‌కీపర్ ఒక పాదమైనా గీత మీద ఉండాలి. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో జరిగిన మహిళల ప్రపంచకప్‌లో వీడియో రిఫరీలు దీన్ని వెంట్రుకవాసిలో పట్టారు. నైజీరియా గోల్‌కీపర్ గీత దాటిందని, ఫ్రాన్స్ ప్లేయర్ పోస్టుకి కొట్టిన పెనాల్టీని కూడా మళ్లీ కొట్టించారు. స్కాట్లాండ్ గోల్‌కీపర్ ఆపిన పెనాల్టీని మళ్లీ కొట్టిస్తే అర్జెంటీనాకి గోల్ వచ్చింది, స్కాట్లాండ్ ఇంటికెళ్లింది. ఆ కొలతతో చూస్తే 1999లో స్కరీ ఆపింది సేవ్ కాదు. లియూ యింగ్ మళ్లీ కొట్టేది. బహుశా గోల్ అయ్యేది.

ఇది తెలిశాక ఆ సేవ్ నా దృష్టిలో తగ్గాలి. లియూ యింగ్ వైపునుంచి ఆలోచిస్తే తగ్గుతుంది కూడా, ఆమెకి ఆత్మకథ ఉంటే మనం ఈ కథ ఇంకోలా చదివేవాళ్లం. మూడోవాళ్ల పుస్తకం ఎప్పుడూ ఒకటి మిగిలిపోతుంది. కానీ ఆ రెండడుగులు చూస్తుంటే నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. నవల్లోని గోల్‌కీపర్ కదలకుండా నిలబడి బంతి తన చేతుల్లోకి వచ్చేదాకా ఆగగలడు. అతనికి పోయేదేమీ లేదు. స్కరీకి ఆ తీరిక లేదు. నిలబడమన్న గీత మీద నిలబడితే తనలాంటివాళ్లకి ఏం మిగులుతుందో ఆమెకి తెలిసినట్టుంది, అందుకే ముందుకొచ్చింది. తప్పే. తప్పని ఆమెకీ తెలుసు. నేను గురువారం ‘సరే’ అన్నది కూడా దాదాపు ఇలాంటి అడుగే అని ఒక్కోసారి అనిపిస్తుంది. తేడా ఏమిటంటే ఆమె బంతి ఆపింది.

ఆ కుర్రాడు తర్వాత ఏడాదికి కంపెనీ మారిపోయాడు. మేం గొడవ పడలేదు, రాజీ కూడా పడలేదు. లిఫ్ట్‌లో ఎదురైతే వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్లం. ఆ రాత్రి నేను ఎందుకు ఒప్పుకున్నానో అతనికి చెప్పలేదు, నా చోట్లో ఉంటే నువ్వేం చేసేవాడివి అని అడగలేదు. ఇద్దరం కలిసి మేనేజర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుండేది. ఒకరి మీద ఒకరం కోపంగా ఉండటంలో దాన్ని మర్చిపోయాం.

ఈ రెండు పుస్తకాల్లో ఏది చదవాలి అని ఎవరైనా అడిగితే, ఒక్కటే చదివేట్టయితే రెండూ చదవొద్దు అంటాను. ముందు సోలోది చదవండి. పూర్తిగా ఆమె పక్షాన చేరండి, కోపం తెచ్చుకోండి. తర్వాత కొన్నాళ్లు ఆగి స్కరీది చదవండి. ఆ తర్వాత యూట్యూబ్‌లో 1999 ఫైనల్ పెట్టి, చాస్టెయిన్ జెర్సీ విప్పాక వీడియో ఆపెయ్యకుండా ఉంచండి. అందరూ ఆమె వైపు పరిగెడతారు. అటు చివర్నుంచి గ్లవ్స్ వేసుకున్న ఒక మనిషి కూడా పరిగెత్తుకుంటూ వస్తుంది, అందరికన్నా ఎక్కువ దూరం.